పెద్ద ఎస్

“బోర్డు తుడువకుండ్రి సార్,” అంది ప్రేమలత.

డస్టరు పట్టుకున్న బాలరాజు చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోరుట్లలోని ఆ ప్రైవేటు బడికి శని, ఆదివారాలు సెలవు. సోమవారం ఉదయం తొమ్మిదో తరగతి గది తలుపు తీసింది ఇప్పుడే. పిల్లలు ఇంకా బయట ప్రార్థన వరుసలోనే ఉన్నారు. గదిలో ఇద్దరే: లెక్కల సారు బాలరాజు, జగిత్యాల నుంచి వచ్చిన డిటెక్టివ్ ప్రేమలత. బోర్డు మీద ఉన్నది శుక్రవారం ఆఖరి పీరియడులో ఇంగ్లిష్ టీచర్ వర్ష రాసి వెళ్ళిన పాఠం. ఆ బడి దాటిన తర్వాత వర్ష ఎవరికీ కనిపించలేదు.

ప్రేమలతకు జగిత్యాలలో టవర్ సర్కిల్ దగ్గర మేడమీద ఒక గది ఉంది. పెళ్ళి సంబంధాల విచారణ, దుబాయి ఏజెంట్ల ఆరా, ఇవీ ఆమె రోజువారీ పనులు. నిన్న మధ్యాహ్నం మల్యాల నుంచి లస్మవ్వ అనే రైతు ఇల్లాలు ఆ మెట్లెక్కి వచ్చి కూర్చుంది. భర్త మస్కట్‌లో ఉన్నాడు. పెద్దబిడ్డ రమణను సిరిసిల్లలో ఇచ్చారు. చిన్నబిడ్డ వర్ష కోరుట్లలో గది అద్దెకు తీసుకుని బడిలో పాఠాలు చెబుతోంది. శుక్రవారం రాత్రి బాలరాజు సారు ఫోన్ చేసి, వర్ష సిస్టర్ దగ్గర క్షేమంగా ఉందట, దిగులు పడొద్దందట అని చెప్పాడు. అక్క దగ్గరికే కదా అని లస్మవ్వ శనివారమంతా నిశ్చింతగా ఉంది. ఆదివారం పొద్దున మాట్లాడదామని రమణకు ఫోన్ చేస్తే, చెల్లె అసలు రానేలేదంది రమణ. అప్పటి నుంచి లస్మవ్వ నోట్లో ముద్ద దిగలేదు.

ఆమెకు చెప్పని సంగతి ఒకటి ప్రేమలత దగ్గర ఉంది. నిన్న సాయంత్రం వర్ష స్కూటీని ఆమె చూసింది. కోరుట్ల నుంచి జగిత్యాల పోయే దారిలో ఒక మక్కచేను పక్కన నీటుగా స్టాండు వేసి ఉంది. హ్యాండిల్ లాక్ కూడా వేసి ఉంది. కాళ్ళు పెట్టుకునే చోట మాత్రం ఎండిన నెత్తురు మరక.

బాలరాజును కూర్చోమని, మొదటి నుంచి చెప్పమంది. అతను చెప్పాడు. శుక్రవారం నాలుగున్నరకు బడి విడిచారు. వర్ష అమ్మ దగ్గరికి పోతానంటూ స్కూటీ తీసింది. రాత్రి ఎనిమిది దాటాక అతని ఫోనుకు మెసేజ్ వచ్చింది. వెంటనే తిరిగి చేస్తే ఆమె ఫోన్ స్విచాఫ్. మెసేజ్‌లో ఏముందో ఆమె తల్లికి చెప్పాడు. మళ్ళీ నిన్న పొద్దున ఇంకొకాయన ఇంటికొచ్చి అడిగితే ఆయనకూ చెప్పాడు.

“ఎవలాయన?”

“దేవేందర్ అట. కరీంనగర్ నుంచి వచ్చిండు. వర్ష మేడంకు సంబంధం చూస్తున్నరట, పిలగాని తరఫున ఎంక్వయిరీకి వచ్చిన అన్నడు.”

ఆ పేరు వినగానే ప్రేమలత పెదవులు బిగిసుకున్నాయి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఏజెన్సీలో పని చేశారు. దేవేందర్‌కు పని రాదని కాదు. ముందు ఒక నిర్ణయానికి వచ్చేసి, తర్వాత దానికి సరిపోయే మనుషుల్ని వెతుక్కునే రకం.

“ఆయన మెసేజ్ చూసిండా?”

“లేదు. నేను నోటితోనే చెప్పిన. చిన్న పుస్తకంల తెలుగుల రాసుకున్నడు.”

“నాకు చూపెట్టుండ్రి.”

బాలరాజు ఫోన్ జేబులోంచి తీశాడు గానీ ఇవ్వలేదు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ ఫోన్‌లో వర్షతో అతను మాట్లాడుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయని, వాటిని అతను ఎవరికీ చూపించదలచుకోలేదని ప్రేమలతకు అర్థమైంది. ఆ ఒక్కటి చాలునంది. అతను వేలు అడ్డం పెట్టి ఆ ఒక్కటే చూపించాడు.

“I am safe with Sister. Tell my mother not to worry.”

ప్రేమలత ఒకసారి చదివింది. తలెత్తి బోర్డు చూసింది. మళ్ళీ ఫోన్ చూసింది.

బోర్డు మధ్యలో సుద్దముక్కతో నిలువుగీత గీసి ఉంది. ఎడమవైపు girl, town, river, mother. కుడివైపు Varsha, Korutla, Godavari, Mother. కింద రెండు వాక్యాలు: My mother is a farmer. Ask Mother.

“మొదటి మూడు జతలు తెలిసినయే. ఊరు అంటే ఏ ఊరైనా ఊరే, చిన్న అక్షరం. కోరుట్ల అంటే ఒక్కటే ఊరు, పెద్ద అక్షరం. మరి ఈ నాలుగోది ఏంది సార్? అమ్మకు ఒకచోట చిన్న ఎం, ఒకచోట పెద్ద ఎం?”

బాలరాజు ముఖం కాస్త వెలిగింది. ఈ ముచ్చట స్టాఫ్ రూములో ఎన్నిసార్లో నడిచింది. ఒక మనిషిని మా అమ్మ అనో, మీ అమ్మ అనో చెబితే అది మామూలు పదం, చిన్న అక్షరం. ముందు ఏ మాటా లేకుండా ఆ మనిషికి అదే పేరన్నట్టు వాడితే పెద్ద అక్షరం. అప్పుడది పేరే అయిపోతుంది. ఈ ఒక్క తప్పుకే వర్ష పిల్లలకు అర మార్కు కోసేది. బాలరాజు తయారుచేసిన లెక్కల పేపర్లో కూడా ఎర్ర పెన్నుతో అక్షరాలు దిద్ది పంపింది.

“అయితే గా పిల్ల గీ మెసేజుల తప్పు రాయదు,” అంది ప్రేమలత.

“రాయదు మేడం. చీకట్ల రాసినా రాయదు.”

“మరి చూడుండ్రి. ఒక్క మెసేజుల రెండు వరుసలు. అమ్మకు మై మదర్ అని చిన్న ఎం పెట్టింది. సొంత అక్క అయితే మై సిస్టర్ అని చిన్న ఎస్ పెట్టాలె. ఈడ ముందట మై లేదు. ఎస్ పెద్దది. అంటే గది చుట్టం కాదు, పేరు. అందరు సిస్టర్ అని పిలిచే మనిషి ఎవలు సార్?”

బాలరాజు నోరు తెరిచాడు. జవాబు అతని కళ్ళలో ముందే కనబడింది.

“దవాఖానల నర్సు,” అన్నాడు.

ఎక్కడ తప్పు జరిగిందో ప్రేమలతకు ఇప్పుడు స్పష్టంగా కనిపించింది. బాలరాజు ఆ మాటను నోటితో చెప్పాడు. నోటితో అంటే ఎస్ చిన్నదో పెద్దదో ఎవరికి తెలుస్తుంది? దేవేందర్ తెలుగులో రాసుకున్నాడు. తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్నవే లేవు. లస్మవ్వ చెవిలో పడేసరికి సిస్టర్ అక్క అయిపోయింది.

స్కూటీ సంగతి కూడా దీనికి అతుక్కుంది. ఎత్తుకుపోయేవాళ్ళు స్టాండు వేసి తాళం తిప్పి పోరు. వర్షే బండి ఆపి, తాళం వేసి, ఇంకో బండిలో ఎక్కింది. నెత్తురు ఉంది. నర్సు ఉంది. అయితే ఎక్కింది అంబులెన్స్. గాయం వర్షకా, ఇంకొకరికా అన్నది మాత్రం తేలలేదు. దెబ్బ తిన్న పిల్ల హ్యాండిల్ లాక్ గురించి ఆలోచించదు కదా అని తనకు తాను ధైర్యం చెప్పుకుంది.

బయటికి వస్తూనే సమ్మయ్యకు ఫోన్ చేసింది. జగిత్యాలలో అంబులెన్స్ నడిపే సమ్మయ్య ఆమెకు పాత పరిచయం. శుక్రవారం సాయంత్రం ఆ రోడ్డు మీద నుంచి ఎవరిని ఎక్కించుకున్నారో కనుక్కోమంది. డ్యూటీలో ఉన్నవాళ్ళను అడిగి చెబుతానన్నాడు సమ్మయ్య. అంతలోనే లస్మవ్వ నుంచి ఫోన్. పొద్దున మొదటి బస్సుకే సిరిసిల్ల చేరిందట. ఎవరో వచ్చి అల్లుడి మీద పడి అడుగుతున్నాడని, పెద్దబిడ్డ ఏడుస్తోందని, తొందరగా రమ్మని చెప్పింది.

రమణ ఇంటి ముందు భాగమంతా కార్ఖానాయే. మరమగ్గాలు, అక్కడి మాటలో సాంచాలు, అన్నీ ఆగి ఉన్నాయి. పనివేళ సాంచా ఆగిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని పక్కిళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వాకిట్లో నలుగురు చేరి ఉన్నారు.

లోపల దేవేందర్ కుర్చీలో కూర్చున్నాడు. రమణ భర్త భూమేశ్ అతని ముందు నిలబడి ఉన్నాడు. దేవేందర్ ఒళ్ళో ఒక పసుపు చున్నీ.

“రా ప్రేమలతక్కా,” అన్నాడు దేవేందర్ లేవకుండానే. “నువ్వు అచ్చేటాలకు నా పని అయిపోయింది. పిల్ల సిస్టర్ కాడ ఉన్న అని రాసింది. సిస్టర్ ఈమెనే. పిల్ల చున్నీ ఈ ఇంట్లనే దొరికింది. పిల్ల మాత్రం లేదంటున్నరు. అచ్చిన పిల్ల ఏడికి పోయిందో ఈయననే చెప్పాలె.”

ఆ చున్నీ దసరాకు వచ్చినప్పుడు మర్చిపోయిందని రమణ ఏడుస్తూ చెప్పింది. అది పోయిన దసరా నుంచీ దండెం మీదే ఉందట. రెండు వారాల కింద భూమేశూ వర్షా ఫోన్‌లో గట్టిగా గొడవపడ్డారు. అతను తెచ్చిన సంబంధం వర్ష వద్దంది. ఆ సంగతి దేవేందర్ చుట్టుపక్కల అడిగి పట్టుకున్నాడు. దాన్ని పట్టుకుని పొద్దున నుంచి లాగుతున్నాడు. పోలీసులకు చెబితే మగ్గాలకు తాళం పడుతుందని కూడా అన్నాడట.

అన్నిటికన్నా ప్రేమలతను కలచివేసింది లస్మవ్వ చూపు. ఆమె గోడకానుకుని కూర్చుని అల్లుణ్ణి చూస్తోంది. అందులో కోపం లేదు. నమ్మాలో వద్దో తెలియని భయం ఉంది. ఒక బిడ్డ కనబడటం లేదు. ఇంకో బిడ్డ కాపురం తన కళ్ళ ముందే చీలిపోతోంది. ఆ చూపు భూమేశ్‌కు తెలుస్తూనే ఉంది. అందుకే అతను తల ఎత్తడం లేదు.

ప్రేమలత వెళ్ళి లస్మవ్వ పక్కన కింద కూర్చుంది.

“అవ్వా, నీ బిడ్డ ఈడికి రాలేదు. నీ అల్లుడు అబద్ధం చెప్తలేడు.”

దేవేందర్ నవ్వాడు. ప్రేమలత అతని వైపు తిరిగి, రాసుకున్న పుస్తకం తీయమంది. అతను తీసి గర్వంగా చదివాడు. సిస్టర్ దగ్గర క్షేమం. అందులో ఎస్ పెద్దదా చిన్నదా అని ఆమె అడిగింది. దేవేందర్‌కు ప్రశ్నే అర్థం కాలేదు. ప్రేమలత తన ఫోన్‌లోకి బాలరాజు పొద్దున పంపిన మెసేజ్ ఫొటో తీసి అతని కళ్ళ ముందు పెట్టింది.

“గిది ఏంది? ఫోను దానంతట అదే పెద్దక్షరం జేస్తది,” అన్నాడు దేవేందర్.

“వరుస మొదట్ల జేస్తది. నడుమల చెయ్యదు. ఒకవేళ చేసినా మదర్‌ను కూడా జెయ్యాలె గద. దాన్ని విడిచిపెట్టి దీన్నే ఎందుకు చేసింది?”

తర్వాత రమణను అడిగింది, చెల్లె నిన్నేమని పిలుస్తదని. అక్కా అనే పిలుస్తుందంది రమణ. మెసేజ్‌లలో కూడా అంతేనని తన ఫోన్ ఇచ్చింది. ఏళ్ళుగా వచ్చినవన్నీ ఒకే తీరుగా ఉన్నాయి: పెద్ద ఏ పెట్టి Akka. సిస్టర్ అన్నది ఒక్కటి కూడా లేదు.

దేవేందర్ ఆ ఫోన్‌ను చాలాసేపు చూశాడు. కుర్చీ మీద ఇంతకుముందులా వెనక్కి వాలి లేడు. అయినా ఓడిపోయానని ఒప్పుకునే మనిషి కాదు. ఒక్క అక్షరం పట్టుకుని మనిషిని కనిపెట్టలేమన్నాడు.

అదే సమయానికి సమ్మయ్య ఫోన్ వచ్చింది. అందరూ వినేలా ప్రేమలత స్పీకర్ పెట్టింది.

“అక్కా, ఎరుక పట్టిన. శుక్రవారం ఐదింటికి ఒక ముసలాయనను కారు గుద్దిపోయిందట. వెంకటేశం అని సిరిసిల్లాయన. ఒక టీచర్ పిల్ల రోడ్డు మీద ఆయన తల ఒళ్ళె పెట్టుకొని కూసున్నదట. బండికి తాళమేసి అంబులెన్స్‌ల ఆయనతోటి ఎక్కింది. పిల్లకు ఏం కాలేదు. జగిత్యాల దవాఖానల కట్టు కట్టిండ్రు. రాత్రికే ఆ పిల్లనే ఆయనను సిరిసిల్లకు తీస్కపోయింది. ఆయన మేనకోడలు ఆడ నర్సట. భూదేవి సిస్టర్ అంటే అందరికి ఎరుకేనట.”

పిల్లకు ఏం కాలేదు అన్న మాట దగ్గరే లస్మవ్వ ఆగిపోయింది. తర్వాతి మాటలు ఆమె విన్నట్టు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే రమణ పరుగున వచ్చి తల్లిని పట్టుకుంది. కొద్దిసేపటికి లస్మవ్వ లేచి నేరుగా అల్లుడి దగ్గరికి పోయింది. అతని చెయ్యి పట్టుకుని తన కళ్ళకు ఆనించుకుంది. భూమేశ్ అప్పుడు ఏడ్చాడు, పొద్దున నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారే.

ప్రేమలత అతణ్ణి పక్కకు పిలిచి ఒక పని చెప్పింది. బైక్ తీసుకుని స్టేషన్‌కు పోయి, కారు గుద్దిన కేసులో దెబ్బ తిన్నాయన ఇక్కడున్నాడని చెప్పి, వాంగ్మూలానికి ఎస్సైని వెంటబెట్టుకుని భూదేవి సిస్టర్ ఇంటికి రావాలి. పొద్దున నుంచి పోలీసుల పేరు చెప్పి బెదిరించిన మనిషి ముందు నుంచే భూమేశ్ బైక్ స్టార్ట్ చేసి పోయాడు.

ప్రేమలత, లస్మవ్వ ఆటో ఎక్కారు. భూదేవి సిస్టర్ అనగానే ఆటో అతను ఇంకేమీ అడగకుండా తీసుకుపోయాడు. ఒక సందులో చిన్న నర్సింగ్ హోమ్, దాన్ని ఆనుకునే నర్సు ఉండే ఇల్లు.

తలుపు తీసిన భూదేవికి యాభై ఏళ్ళుంటాయి. వర్ష అనే పిల్ల ఎవరో తనకు తెలియదంది. గడప దాటనివ్వలేదు. ప్రేమలత తన కార్డు చూపించింది, పేరు చెప్పింది, ఊరు చెప్పింది. ఆమె తలుపు ఇంకా కొంచెం దగ్గరికి వేసింది.

“సిస్టరమ్మా,” అంది వెనుక నుంచి లస్మవ్వ. “నా బిడ్డ తిన్నదా?”

లోపలి గది తలుపు తెరుచుకుంది. వర్ష తల్లి గొంతు విని వచ్చేసింది. చెదిరిన జడ, నర్సు ఇచ్చిన వదులు నైటీ. వచ్చి తల్లి మెడ మీద ముఖం పెట్టుకుంది. లస్మవ్వ బిడ్డ వీపు, చేతులు, తల అన్నీ తడిమి చూసుకుంది, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని. ఎక్కడా ఏమీ లేదు. అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఇన్ని రోజులు ఫోన్ ఎందుకు బంద్ పెట్టినవని కోపం చేసింది. ఆ కోపం విని ప్రేమలతకు నిన్నటి నుంచి గుండె మీద ఉన్న బరువు దిగిపోయింది. తిట్టడానికి బిడ్డ ఎదురుగా ఉండటం కన్నా లస్మవ్వకు ఇంకేం కావాలి.

కాసేపటికి వర్ష తేరుకుని చెప్పింది. ముసలాయన రోడ్డు మీద పడి ఉండటం, తెల్లకారు వెళ్ళిపోవడం దూరం నుంచి చూసింది. జగిత్యాల దవాఖానలో కట్టు కడుతుండగానే ఇద్దరు మనుషులు వచ్చారు. ముసలాయన ఎలా ఉన్నాడని అడగలేదు. తీసుకొచ్చింది ఎవరని అడిగారు. ఆమె స్కూటీ నంబరు వాళ్ళకు అప్పటికే తెలుసు. నంబరు తెలిస్తే పేరు తెలుస్తుంది, పేరు తెలిస్తే అక్క ఇల్లు, అమ్మ ఇల్లు తెలుస్తాయి. అందుకే ఆ రెండు చోట్లకీ పోలేదు. ఫోన్ చేస్తే అమ్మ ఆగలేక నలుగురికీ చెబుతుంది. బాలరాజు సార్ ఒక్కడికి మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేసింది. వెంకటేశం మాట్లాడగలిగాక పోలీసుల దగ్గరికి పోదామని భూదేవి అంది.

“నువ్వు రాసింది సార్‌కు సమజ్ కాలేదు బిడ్డా,” అంది ప్రేమలత.

“పెద్ద ఎస్ పెట్టిన గద మేడం,” అంది వర్ష ఆశ్చర్యంగా.

ప్రేమలత నిన్న మధ్యాహ్నం తర్వాత మొదటిసారి నవ్వింది.

ఆ నవ్వు పూర్తి కాకముందే గుమ్మంలో దేవేందర్ కనిపించాడు. ఆటో వెనుకే వచ్చినట్టున్నాడు. భూదేవి తలుపు వేయబోతే చేతులు రెండూ పైకెత్తి చూపించాడు, గొడవకు రాలేదన్నట్టు.

“పిల్ల బతికే ఉన్నది. అది సూద్దామనే అచ్చిన. నా క్లయింటుకు చెప్పుడే, నా పని ఖతం.”

“నీ క్లయింటు ఎవలు దేవేందర్? ఏ పిలగాని తరఫున అచ్చినవ్?” అంది ప్రేమలత.

అతను మామూలుగా అయితే చెప్పేవాడు కాదు. పొద్దున జరిగినదానికి లోపల ఎక్కడో సిగ్గుగా ఉన్నట్టుంది. కోరుట్లలో ప్లాట్లు చేసి అమ్మే విఠల్ అని చెప్పాడు. కొడుక్కు ఈ పిల్లను చూస్తున్నానన్నాడట. పిల్ల ఎక్కడుందో మాత్రం తొందరగా కావాలన్నాడట. సంబంధానికి ఇంత తొందరేంటని తనకూ ఒకసారి అనిపించిందట.

విఠల్ పేరు వినబడగానే లోపలి గదిలో మంచం కిర్రుమంది. తలకు కట్టుతో వెంకటేశం లేవడానికి చూస్తున్నాడు. భూదేవి పోయి పట్టుకుంది. శుక్రవారం నుంచి ఆయన నోట నీళ్ళు అన్న మాట తప్ప ఇంకో మాట రాలేదని వర్ష మెల్లగా చెప్పింది. ఇప్పుడు ఆయన పెదవులు కదిలాయి. అందరూ మంచం దగ్గరికి చేరారు.

“విఠల్ బండే,” అన్నాడు వెంకటేశం. ఒక్కొక్క మాట కూడదీసుకుంటూ చెప్పాడు. “రోడ్డు పక్క నా చెలక భూమి అమ్ముమన్నడు. నేను అమ్మనన్న. శుక్రవారం మల్ల ఒకపారి అడిగిండు. కాదన్న. బండి గుద్దింది, నేను పడ్డ. కొంచెం ముందట పోయి ఆగింది. నేను కదులుతున్న అని చూసి, మల్ల ఎనుకకు అచ్చింది. గప్పుడే ఈ పిల్ల హారన్ కొట్టుకుంట అచ్చింది. లేకుంటే నేను లేను.”

కారు వెనక్కి రావడం వర్ష చూడలేదు. దుమ్ములో వెళ్ళిపోతున్న కారునే చూసింది. వినగానే ఆమె తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇప్పటిదాకా ప్రేమలత దీన్ని భయపడి పారిపోయిన డ్రైవరు కథ అనుకుంది. కాదు. చంపడానికి వచ్చిన మనిషి పని సగంలో వదిలి పోయాడు. ఆ మిగిలిన సగం కోసమే దేవేందర్‌ను పంపాడు.

దేవేందర్ గోడకు చేరగిలపడ్డాడు. పెళ్ళి సంబంధమని నమ్మి తాను వెతుకుతున్నది దేనికో అతనికిప్పుడు తెలిసింది. అతని చేతిలో ఫోన్ మోగింది. తెర మీద పేరు అందరికీ కనిపించింది. విఠల్.

అతను ప్రేమలత వైపు చూశాడు. ఏం చేయాలో తాను చెప్పాల్సిన అవసరం లేకపోతే బాగుండునని ఆమె అనుకుంది. దేవేందర్ ఫోన్ ఎత్తి స్పీకర్ నొక్కాడు.

“దొరికిందా?” అంది అవతలి గొంతు.

“లేదు సార్. సిరిసిల్లల లేదు. హైదరాబాద్ పోయిందట. నేను తిరిగి కరీంనగర్ పోతున్న.”

ప్రేమలతకు అతని మీద ఉన్న పాత కోపమంతా ఆ ఒక్క అబద్ధంతో కరిగిపోయింది. లస్మవ్వ చేతులెత్తి అతనికి దండం పెట్టింది.

“గట్లనా,” అంది గొంతు నింపాదిగా. “మరి నీ పక్కన నీలం చీర కట్టుకొని నిలబడ్డ ఆమె ఎవలు దేవేందర్?”

నీలం చీర ప్రేమలతదే. కిటికీ రెక్క తెరిచి ఉంది. సందు అవతల మందుల షాపు ముందు తెల్లకారు ఆగి ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. ప్రేమలతను దేవేందర్ వెంబడిస్తే, దేవేందర్‌ను విఠల్ వెంబడించాడు.

భూదేవి వర్షను కిటికీకి దూరంగా లాగింది. ప్రేమలత మాత్రం కిటికీ మూయలేదు. పిల్ల బతికి ఉంది. ముసలాయన మాట్లాడాడు. నిన్నటి నుంచి ఆమెను నిద్రపోనివ్వని రెండు భయాలూ ఇప్పుడు లేవు. మిగిలింది ఒక్క మనిషి, అతనూ తన కాళ్ళతోనే ఇక్కడిదాకా వచ్చాడు. భూమేశ్ స్టేషన్‌కు పోయి చాలాసేపే అయింది. ఆమె దేవేందర్ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“జగిత్యాల ప్రేమలతను,” అంది. “పిల్ల ఈడనే ఉన్నది. పెద్దమనిషి కూడ ఈడనే ఉన్నడు, అన్ని మతికున్నయట. నువ్వు కారు దిగి లోపలికి రా విఠల్. కూసోని మాట్లాడుదాం.”

సందు చివర నుంచి భూమేశ్ బైక్ చప్పుడు, దాని వెనుకే పోలీసు జీపు చప్పుడు వినిపించాయి. అప్పటికే తెల్లకారు తలుపు తెరుచుకుంది.